మాట మానిన దొంగ: ‘లద్రోనెస్’ నుంచి ‘పుష్పక విమానం’ దాకా

(బెంగళూరులో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుపాఠం)

నేరాన్ని భయానికీ జాలికీ కాక నవ్వుకు ఆధారం చేసుకొని, దొంగను ప్రేక్షకుడి పక్షాన నిలబెట్టి, చట్టాన్ని కాపాడవలసినవారినీ సొత్తున్నవారినీ నవ్వులపాలు చేసే చిత్రాన్ని నేర హాస్యచిత్రం అని వ్యవహరించవచ్చు. ఆ కోవకు చెందిన భారతీయ చిత్రాల్లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1987లో విడుదలైన ‘పుష్పక విమానం’ విశిష్టమైనది. అది బెంగళూరులో, బెంగళూరు వీధులనూ హోటళ్లనూ ఆధారం చేసుకొని, కన్నడ నటుడు శృంగార్ నాగరాజ్ నిర్మాణంలో తయారైంది. దాన్ని ఊహించి తీర్చిదిద్దినవాడు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన తెలుగువాడు. రెండు గంటలకు పైగా సాగే ఆ కథలో ఏ పాత్రా పెదవి విప్పి సంభాషణ చెప్పదు. ఈ మౌనాన్ని చాలామంది ఒక ప్రయోగంగా, ఒక చమత్కారంగా మెచ్చుకొని ఊరుకున్నారు. నిజానికి అది టాకీ పుట్టిన నాడే హాస్యానికి ఎదురైన ఒక చిక్కుకు ఆలస్యంగా వచ్చిన జవాబు. ఆ చిక్కు స్వరూపం తెలియాలంటే 1930లో హాలీవుడ్‌లో తయారైన ‘లద్రోనెస్’ అనే స్పానిష్ చిత్రం దగ్గర మొదలుపెట్టాలి.

మూకీల కాలంలో సినిమాకు భాష ఒక అడ్డంకిగా ఉండేది కాదు. దృశ్యాల నడుమ కథాసూచనలను రాత పలకలుగా చూపించేవారు గనుక ఆ పలకలను మాత్రం మార్చి అతికిస్తే లాస్ ఏంజిలిస్‌లో తీసిన చిత్రం మెక్సికోలోనూ మద్రాసులోనూ ఒకే తీరుగా నడిచేది. 1927 తరువాత తెర మాట్లాడడం మొదలైనప్పుడు, ప్రపంచమంతటా అమ్ముడుపోయిన సరుకు ఒక్కసారిగా ఇంగ్లీషు తెలిసినవారికి మాత్రమే పరిమితమయ్యే ప్రమాదం ఏర్పడింది. ఒక భాషలో తీసిన చిత్రానికి మరో భాష గొంతులను అతికించే పద్ధతి, అంటే డబ్బింగ్, అప్పటికి నమ్మదగిన స్థాయికి రాలేదు. అందుచేత స్టూడియోలు ఒకే కథను అదే సెట్లలో రెండు మూడు భాషల్లో మళ్లీ మళ్లీ తీసే ఖరీదైన దారి పట్టాయి. వీటిని బహుభాషా రూపాంతరాలు అనవచ్చు. యూనివర్సల్ సంస్థ పగలు ఇంగ్లీషు ‘డ్రాక్యులా’ తీసిన సెట్లలోనే రాత్రివేళ వేరే నటవర్గంతో స్పానిష్ ‘డ్రాక్యులా’ తీసిన సంగతి ప్రసిద్ధం. పారమౌంట్ సంస్థ పారిస్ శివార్లలోని జాయిన్‌విల్‌లో ఇదే పనికి ఒక స్టూడియోను నడిపింది.

హాస్యజంట స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీల విషయంలో ఈ దారి సాగదు. డ్రాక్యులా పాత్రకు మరో నటుడు దొరుకుతాడు గాని లారెల్‌కు బదులు మరో లారెల్ దొరకడు. అందువల్ల నిర్మాత హాల్ రోచ్ ఆ ఇద్దరి చేతనే పరాయి భాషలు పలికించాడు. జేమ్స్ పారట్ దర్శకత్వంలో 1930లో వచ్చిన ‘నైట్ ఔల్స్’ అనే ఇంగ్లీషు చిట్టి చిత్రానికి స్పానిష్ రూపమే ‘లద్రోనెస్’. కథ చాలా చిన్నది. తన గస్తీ ప్రాంతంలో దొంగతనాలు పెరిగిపోయాయని పై అధికారి చేత చీవాట్లు తిన్న పోలీసు ఒకడు పార్కు బెంచీ మీద నిద్రపోతున్న ఇద్దరు దేశదిమ్మరులను పట్టుకొని, జైలుకు పోతారా లేక ఆ అధికారి ఇంటికే కన్నం వేస్తారా అని బేరం పెడతాడు; వాళ్లు దొంగతనానికి దిగితే తానే వచ్చి పట్టుకొని మెప్పు పొందాలన్నది అతని పథకం. దొంగలు గోడెక్కి పిల్లుల్లా అరవడం, చప్పుడు చేయవద్దని ఒకరినొకరు గద్దించుకుంటూ అంతకంటె పెద్ద చప్పుడు చేయడం, ఇంట్లో తనంతట తాను మోగే పియానో మోగడం, చివరకు దొంగసొత్తుతో ఆ పోలీసే దొరికిపోవడం, ఇంతే కథ. నేరానికి ప్రేరకుడు చట్టమే అన్న వ్యంగ్యం దీని పునాది.

స్పానిష్ రాని ఆ ఇద్దరు నటులూ సంభాషణలను తమకు అర్థమయ్యే అక్షరాలలో నల్లబల్లల మీద రాయించుకొని, కెమెరాకు కనబడని చోట పెట్టించుకొని, శిక్షకుల సాయంతో పలికారు. ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు నడిచే చిత్రం స్పానిష్‌లో అరగంట దాటింది. కథ పెరగలేదు, చేష్టలు సాగాయి, మాటలు కలిశాయి. ఇక్కడే గమనించవలసిన సంగతి ఉంది. కన్నం వేసేవాడికి నిశ్శబ్దం వృత్తిధర్మం. దొంగ నోరు మెదిపితే దొరికిపోతాడు గనుక, ఈ కథలోని నవ్వంతా మాట్లాడకూడని చోట చప్పుడు కావడం నుంచి పుడుతుంది గాని మాట చమత్కారం నుంచి కాదు. అలాంటి కథ మీద టాకీ బలవంతంగా మాటలు మోపింది. ఆ మాటల కోసం మళ్లీ ఒక భాషను మోపింది. ప్రేక్షకులు మాత్రం ఆ భారాన్ని కూడా నవ్వుకు వాడుకున్నారు. ఆ వంకర ఉచ్చారణ వారికి ఎంత ముచ్చటగా తోచిందంటే, తరువాతి కాలంలో ఇటలీలో ఈ జంట చిత్రాలకు గొంతులు అతికించినప్పుడు, హార్డీకి గొంతు అరువిచ్చిన ఆల్బెర్తో సోర్ది వంటి అచ్చమైన ఇటాలియన్ నటుడు కూడా కావాలని ఇంగ్లీషు యాసతోనే పలికాడు.

1931లో చార్లీ చాప్లిన్ ‘సిటీ లైట్స్’తో దీనికి పూర్తిగా విరుద్ధమైన జవాబు ఇచ్చాడు. సంగీతం, చప్పుళ్లు ఉంటాయి, మనుషుల మాట మాత్రం ఉండదు. తాగిన మత్తులో ప్రాణస్నేహితుడిగా, మత్తు దిగాక అపరిచితుడిగా ప్రవర్తించే కోటీశ్వరుడు, అతని డబ్బు దొంగిలించాడన్న అనుమానంతో జైలు పాలయ్యే దేశదిమ్మరి ఆ చిత్రంలో ఉన్నారు. తాగిన ధనవంతుడు బెంగళూరు చిత్రంలో మళ్లీ ఎదురవుతాడు. వ్యాపార ప్రపంచం చాప్లిన్ దారిని అనుసరించలేదు. డబ్బింగ్ మెరుగుపడగానే బహుభాషా రూపాంతరాలు అంతరించాయి, మాటల సినిమా నిలదొక్కుకుంది.

సరిగ్గా ఇదే చిక్కు దక్షిణ భారతదేశంలో ఎదురైనప్పుడు దాన్ని తొలిసారి ఎదుర్కొన్నవాడు బెంగళూరులో పుట్టిన హెచ్.ఎం. రెడ్డి. అర్దేషిర్ ఇరానీ సంస్థ కోసం ఆయన తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే కథానాయకుడు పి.జి. వెంకటేశన్ తెలుగు మాట్లాడాడు. హాలీవుడ్ ఒకే కథను రెండు భాషల్లో రెండుసార్లు తీస్తున్న రోజుల్లో హెచ్.ఎం. రెడ్డి రెండు భాషలనూ ఒకే ఫ్రేములో నిలబెట్టి, ప్రేక్షకులు ఎవరికి తోచింది వారు అర్థం చేసుకుంటారని వదిలేశాడు. ఇది పథకమా, దొరికిన నటులతో సర్దుకోవడమా అన్న చర్చ ఎలా ఉన్నా, బెంగళూరు పేటలో పెరిగినవారికి ఒకే సంభాషణలో మూడు భాషలు తారసపడడం వింతగా తోచదు. ఆ చిత్రం ప్రతులలో ఒక్కటి కూడా నేడు మిగలలేదు. మరుసటి ఏడాది అదే దర్శకుడు పూర్తిగా తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ తీయడంతో మన టాకీ చరిత్ర మొదలైంది.

తరువాతి దశాబ్దాల్లో మద్రాసు స్టూడియోలు బహుభాషా రూపాంతరాన్ని హాలీవుడ్ వదిలేసిన చాలాకాలానికి, హాలీవుడ్ కంటె నేర్పుగా సాధించాయి. విజయా వారి ‘పాతాళ భైరవి’, ‘పెళ్లిచేసి చూడు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ తమిళంలోనూ తయారయ్యాయి. అవసరమైన చోట నటులు మారారు, సావిత్రి, ఎస్.వి. రంగారావు వంటివారు రెండు భాషలనూ తమవిగా పలికారు. కన్నడ ‘బేడర కన్నప్ప’తో నాయకుడిగా తెరకెక్కిన రాజ్‌కుమార్ అదే 1954లో ‘కాళహస్తి మహాత్మ్యం’లో తెలుగు పలికాడు, ఆయన నటించిన తెలుగు చిత్రం అదొక్కటే. ఆ తరువాత కర్ణాటకలో దారి వేరైంది. 1960ల తొలినాళ్లలో అ.న. కృష్ణరావు వంటి రచయితల నాయకత్వంలో కన్నడ చిత్రాల మనుగడ కోసం ఉద్యమం నడిచి, పరభాషా చిత్రాలను కన్నడంలోకి డబ్బింగ్ చేయకూడదన్న కట్టుబాటు పరిశ్రమలో స్థిరపడింది. అది శాసనం కాదు, పరిశ్రమ విధించుకున్న నియమం. 2015లో కాంపిటీషన్ కమిషన్ దాన్ని తప్పుబట్టే దాకా అది చెల్లింది. అంటే అప్పట్లో బెంగళూరులో ఒక చిత్రం తన భాషలోనే ఆడవలసి వచ్చేది, లేదా దాన్ని కన్నడంలో మళ్లీ తీయవలసి వచ్చేది.

భాష చిక్కును అలా ఉంచి దొంగ సంగతికి వస్తే, నవ్వించే దొంగ మనకు దిగుమతి సరుకు కాదు. ‘మృచ్ఛకటికం’లోని శర్విలకుడు ఏ ఆకారంలో కన్నం తవ్వితే అందంగా ఉంటుందని గోడ ముందు నిలబడి ఆలోచిస్తాడు. పదమూడో శతాబ్దంలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చిన ‘దశకుమార చరిత్ర’లో అపహారవర్మ లోభులను ఎంచి మరీ దోస్తాడు. కథాసాహిత్యంలో దొంగకు ఉన్న ఈ గౌరవం తెలుగు టాకీలో మాత్రం షరతులతోనే దక్కింది. అన్నపూర్ణా పిక్చర్స్ తొలి చిత్రంగా కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1955 అక్టోబరు 1న విడుదలైన ‘దొంగ రాముడు’లో నాయకుడు దొంగతనానికి దిగడానికి తల్లి జబ్బు కారణం, తరువాత చెల్లెలి చదువు కారణం. డి.వి. నరసరాజు సంభాషణలు, రేలంగి లోభి వీరభద్రయ్య, ఆర్. నాగేశ్వరరావు రౌడీ బాబులు కలిసి పండించిన హాస్యం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కాని చిత్రం ముందుకు సాగేకొద్దీ కన్నీరు నవ్వును మింగేస్తుంది. రాముడు మంచివాడని నిరూపించే బాధ్యత కథ నెత్తిన పడుతుంది. అది మరుసటి ఏడు డబ్బింగ్‌తో ‘తిరుట్టు రామన్’గా తమిళానికీ, 1962లో కిశోర్ కుమార్ నాయకుడిగా ‘మన్‌మౌజీ’ అన్న పేరుతో హిందీకీ వెళ్లింది. తల్లి, చెల్లెలు ఏ భాషలోనైనా తల్లి, చెల్లెలే గనుక కథ సులువుగా ప్రయాణించింది. హాస్యం మాత్రం ప్రతి భాషలోనూ మొదటినుంచి పుట్టవలసి వచ్చింది.

సింగీతం శ్రీనివాసరావు ఈ కె.వి. రెడ్డికి శిష్యుడు, ఆయన దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేసినవాడు. దృశ్యం నిడివిని ముందుగానే గడియారంతో కొలిచి, అంతకు మించి ఒక్క అడుగు ఫిల్ము తీయని గురువు క్రమశిక్షణ శిష్యుడికి అబ్బింది. గురువు దగ్గర ఉన్న రోజుల్లో మాటల్లేకుండా చిత్రీకరించిన ఒక సన్నివేశం చూసినప్పుడే మొత్తం చిత్రాన్ని అలా ఎందుకు తీయకూడదన్న ఆలోచన మొలిచిందని సింగీతం స్వయంగా చెప్పారు. అది కార్యరూపం దాల్చడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఆయన తెలుగు, తమిళ, కన్నడ భాషల్లో చిత్రాలు తీశాడు. ‘హాలు జేను’, ‘చలిసువ మోడగళు’, ‘ఎరడు నక్షత్రగళు’ వంటి రాజ్‌కుమార్ చిత్రాలతో బెంగళూరు పరిశ్రమలో ఇంటివాడయ్యాడు. మూడు భాషల్లో సంభాషణ చెప్పించడం తెలిసినవాడే సంభాషణను వదులుకోవడానికి సాహసించాడన్నది మరువరాని విషయం.

‘పుష్పక విమానం’ కథానాయకుడికి పేరు లేదు. కమల్ హాసన్ పోషించిన ఆ చదువుకున్న నిరుద్యోగి ఒక లాడ్జి మేడమీది ఇరుకు గదిలో ఉంటూ, ఉద్యోగానికీ వరుసలో నిలబడి, మరుగుదొడ్డికీ వరుసలో నిలబడి రోజులు వెళ్లదీస్తుంటాడు. ఒక రాత్రి తాగి దారిలో పడిపోయిన ధనవంతుడు కనబడతాడు. అతని దగ్గర పుష్పక్ అనే పెద్ద హోటలు గది తాళం దొరుకుతుంది. యువకుడు అతన్ని తన గదిలో కట్టిపడేసి, నోటికి గుడ్డ బిగించి, హోటలు గదిలో తాను దిగుతాడు. ఆ హోటలు దృశ్యాలు బెంగళూరు విండ్సర్ మేనర్‌లో తీసినవి. అక్కడ అతనికి ఒక గారడీవాడి కుమార్తెతో పరిచయమవుతుంది. ఆ పాత్ర అమల ధరించింది. ధనవంతుడి భార్యకు ఒక ప్రియుడున్నాడు. ఆ ప్రియుడు కుదిర్చిన హంతకుడు గదిలో ఉన్నవాడే ధనవంతుడనుకొని యువకుడి వెంట పడతాడు. టీనూ ఆనంద్ పోషించిన ఆ హంతకుడి ఆయుధం మంచుతో పోతపోసిన కత్తి. పని ముగిశాక అది కరిగిపోతుంది, సాక్ష్యం మిగలదు. ఏమాత్రం ఆలస్యమైనా పని ముగియకముందే కరిగిపోతుంది. దృశ్యంతో మాత్రమే సాధ్యమయ్యే హాస్యానికి ఇంతకంటె మంచి ఉదాహరణ భారతీయ సినిమాలో అరుదు.

ఈ చిత్రాన్ని మూకీ అనడం పొరపాటు. ఇది మాటలు లేని టాకీ. ఎల్. వైద్యనాథన్ సంగీతం, వీధి రొద, సినిమా హాలు నుంచి వినవచ్చే కొట్లాట చప్పుళ్లు, అన్నీ వినబడతాయి. పేదవాడి జీవితానికి, ధనవంతుడి జీవితానికి నడుమ తేడాను చిత్రం గదుల వైశాల్యంతో కంటె శబ్దంతోనే ఎక్కువగా చెబుతుంది. హోటలు గదిలో మెత్తని పరుపు మీద యువకుడికి నిద్ర పట్టదు. అక్కడి నిశ్శబ్దం అతనికి అలవాటు లేదు. తన లాడ్జి పరిసరాల రణగొణధ్వనిని టేపురికార్డరులో పట్టి తెచ్చి మోగించుకుంటే గాని కునుకు రాదు. ‘లద్రోనెస్’ దొంగలకు చప్పుడు శత్రువైతే ఈ దొంగకు నిశ్శబ్దం శత్రువు. యాభై ఏడేళ్ల నాటి హాస్యసూత్రాన్ని తలకిందులు చేసిన ఈ ఒక్క సన్నివేశం కోసమైనా సింగీతాన్ని హాస్య దర్శకుల తొలి వరుసలో నిలపాలి.

చిత్రంలో మాట లేకపోవడం నమ్మశక్యంగా ఉండడానికి రచన పడిన శ్రమ పైకి కనబడదు. పాత్రలు మూగవాళ్లు కారు. మాట అవసరం లేని చోట, మాట వినబడని దూరంలో, గాజు తలుపుల అవతల, నోరు కట్టేసిన స్థితిలో వారిని పెట్టడం జరిగింది. బందీని చేసినవాడు మాట్లాడకూడదు, బందీ మాట్లాడలేడు, హంతకుడు మాట్లాడితే పట్టుబడతాడు, గారడీవాడి వృత్తికి సైగే ప్రధానం. నేరమే మౌనాన్ని కోరుతుంది. కథాంశం ఏ గృహకలహమో అయి ఉంటే ఈ నియమం పది నిమిషాలకే కృత్రిమమైపోయేది. కథ నేరం మీద నడవడం వల్లనే అది నిలిచింది.

తెలుగు రంగస్థలం నుంచి వచ్చిన పి.ఎల్. నారాయణ వేసిన ముష్టివాడి పాత్ర చిత్రంలో కొద్దిసేపే కనిపించినా దాని బరువు ఎక్కువ. తన దగ్గర నోట్లున్నాయన్న గర్వంతో ఆ ముష్టివాడు జేబు ఖాళీగా ఉన్న చదువుకున్న యువకుడిని చులకనగా చూస్తాడు. ఒకనాడు అతను చనిపోతే, శవాన్ని పట్టించుకొనేవాడు లేక, అతను దాచిన నోట్ల కోసం జనం కలబడతారు. దీనికి ఎదురుగా హోటలు యజమాని మరణాన్ని, ఆయనకు జరిగిన ఘనమైన అంత్యక్రియలను చిత్రం నిలబెడుతుంది. ఈ రెండింటికీ నడుమ వ్యాఖ్యానం లేదు. ఒక పాత్ర చేత నీతి చెప్పించే వెసులుబాటు దర్శకుడు ముందే వదులుకున్నాడు. సంభాషణ ఉండి ఉంటే ఇక్కడ ఒక ఉపన్యాసం తప్పేది కాదని మన చిత్రాలు చూసినవారికి చెప్పనక్కరలేదు.

పుష్పకం పేరు తెలుగు పాఠకుడికి మరో దారి కూడా చూపుతుంది. రామాయణంలో ఆ విమానం కుబేరుడిది. రావణుడు దాన్ని బలవంతాన లాక్కున్నాడు. లంక నుంచి అయోధ్య దాకా అందులో ప్రయాణించిన రాముడు దాన్ని తిరిగి కుబేరుడికే పంపాడు. బెంగళూరు యువకుడు రావణుడిలా తీసుకొని రాముడిలా తిరిగి ఇస్తాడు. బందీని విడిచిపెట్టి, ప్రేమించిన అమ్మాయికి తన నిజం తెలియజేసి, మళ్లీ ఉద్యోగం కోసం వరుసలోకి వెళ్లి నిలబడతాడు. దొంగకు ఇక్కడ జైలూ లేదు, పెళ్లీ లేదు. ‘దొంగ రాముడు’ తన నాయకుడికి ఇవ్వవలసి వచ్చిన నిర్దోషిత్వపు యోగ్యతాపత్రం ఈ నాయకుడికి అక్కరలేకపోయింది.

లోపాలు లేవని కాదు. బందీ మలాన్ని కానుక పెట్టెల్లో చుట్టి పారేసే హాస్యం మొదటిసారి పండినా మళ్లీ మళ్లీ వచ్చేసరికి పలచబడింది. అమల పాత్రకు అందం, చిరునవ్వు తప్ప తనదంటూ ఒక తెలివి ఇవ్వలేదు. ప్రేమకథ నడిచేటప్పుడు నేరకథ ఊపు తగ్గుతుంది. భార్య, ప్రియుడు కూడా పాత్రలుగా కాక అవసరాలుగానే మిగిలిపోయారు. అయినా నిర్మాణంలోని పట్టు వీటిని దాటించింది. 35వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దానికి బహుమతి వచ్చింది.

పంపిణీ సంగతి ఇంకా ముఖ్యమైనది. కన్నడలో ‘పుష్పక విమాన’, తెలుగులో ‘పుష్పక విమానము’, తమిళంలో ‘పేసుం పడం’, హిందీలో ‘పుష్పక్’ అని పేరు మార్చుకుంటూ ఒకే చిత్రం అన్ని చోట్లా ఆడింది. హాల్ రోచ్ నల్లబల్లలు పెట్టించి సాధించబోయింది, విజయావారు రెండేసి సార్లు తీసి సాధించింది, డబ్బింగ్ కట్టుబాటు వల్ల కర్ణాటకలో అసలే కుదరనిది, ఇక్కడ ఒక్క ప్రతితో కుదిరింది. ఆ కట్టుబాటు పూర్తిగా అమలులో ఉన్న నగరంలోనే ఈ చిత్రం పుట్టడం కాకతాళీయం కావచ్చు. నాలుగైదు భాషల వారు పక్కపక్కనే బతుకుతూ సగం పని సైగలతో కానిచ్చుకొనే బెంగళూరు ఈ కథకు తగిన రంగస్థలం కావడం మాత్రం కాకతాళీయం కాదు.

తెలుగు సినిమా చరిత్రలు ఈ చిత్రాన్ని కన్నడ నిర్మాణమని పక్కన పెడతాయి, తమిళులు కమల్ చిత్రాల జాబితాలో చేరుస్తారు, హిందీవారు దాన్ని ‘పుష్పక్’గానే ఎరుగుదురు. మాట లేని చిత్రాన్ని ఏ భాష పద్దులో రాయాలో తెలియక ఎవరూ సమగ్రంగా పరిశీలించలేదు. హెచ్.ఎం. రెడ్డి ‘కాళిదాస్’ మనకు దక్కలేదు. అది కాలంలో కలిసిపోయింది. ‘నైట్ ఔల్స్’కు స్పానిష్‌తో పాటు తయారైన ఇటాలియన్ రూపానికీ అదే గతి పట్టింది. ‘పుష్పక విమానం’ కళ్లెదుట ఉంది, దానిలో పనిచేసినవారిలో కొందరు ఈ నగరంలో ఉన్నారు, అప్పటి పాటలులేని కరపత్రాలూ గోడపత్రికలూ కొందరి ఇళ్లలో ఉండే ఉంటాయి. బెంగళూరులోని తెలుగు, కన్నడ పరిశోధకులు కలిసి ఆ చిత్రానికి ఒక సమగ్ర గ్రంథం తయారు చేయాలి. ఆ పని వెంటనే మొదలుకావాలి.